ఏడాది సెలవు మీద విదేశాలకు వెళ్తున్నారా? చేను, తోట, ఇల్లు అప్పజెప్పి బయల్దేరడం ఎలా

ఉద్యోగానికి సుదీర్ఘ సెలవు పెట్టి, ఆర్నెల్లో ఏడాదో బయటి దేశంలో గడిపి రావాలనుకునేవాళ్లు మన గోదావరి జిల్లాల వైపు కూడా కనిపిస్తున్నారు. కాలేజీ లెక్చరర్లు, బ్యాంకు వాళ్లు, ఐటీలో పదిహేనేళ్లు నలిగి ఇప్పుడు ఊళ్లో కూర్చుని పని చేసుకుంటున్నవాళ్లు. వీళ్లకి దొరికే సలహాలన్నీ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకి పనికొచ్చేవి. ఫ్లాట్‌కి తాళం వేసి, వాచ్‌మన్‌కి చెప్పి, క్యాబ్ ఎక్కేయొచ్చు. రాజోలులోనో పాలకొల్లులోనో మండపేటలోనో డాబా ఇల్లు, వెనక కొబ్బరితోట, కాలవ అవతల నాలుగెకరాల చేను, ఇంట్లో డెబ్బై దాటిన అమ్మానాన్న ఉన్నవాళ్లకి అంత తేలిక కాదు. మనకి వీసా కంటే అప్పగింతలే పెద్ద పని. కాబట్టి ఇక్కడ వీసా సంగతి కొంచెం, అప్పగింతల సంగతి ఎక్కువ.

ముందు తేదీ

టికెట్ ధర చూసి తేదీ పెట్టుకోకండి. కాలవ చూసి పెట్టుకోండి.

ధవళేశ్వరం నుంచి జూన్‌లో కాలవలకి నీళ్లు వదులుతారు, సార్వా (వానాకాలం వరి) నారుమళ్లు మొదలవుతాయి. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. సంక్రాంతికి అటూ ఇటూగా దాళ్వా (రెండో పంట వరి) నాట్లు, ఏప్రిల్‌కి కోతలు, ఆ తర్వాత కాలవలు కట్టేస్తారు. కౌలు మాటలు ఎక్కువగా ఆ ఎండాకాలం రోజుల్లోనే జరుగుతాయి. అందుకని ఏడాదికి వెళ్లేవాళ్లకి మే నెల మంచిది. దాళ్వా లెక్క తేలిపోయి ఉంటుంది, కొత్త కౌలు కాగితం రాసుకుని ఉంటారు, ఆవకాయ జాడీలోకి చేరి ఉంటుంది. అటు యూరప్‌లోనూ అమెరికాలోనూ వాతావరణం వెచ్చబడే సమయం కాబట్టి దిగగానే చలితో కుస్తీ పట్టక్కర్లేదు.

ఆర్నెల్ల లోపే అయితే సంక్రాంతి చేసుకుని జనవరి చివర్లో బయల్దేరండి. జూలై మొదట్లో తిరిగొచ్చేస్తే వరదలకీ, ఆ తర్వాతి తుపాన్లకీ ఇంటి దగ్గరే ఉంటారు. చలికి వణుకుతారు, నిజమే. గోదారి పోటు మీదున్నప్పుడు సియాటిల్లో కూర్చుని అర్ధరాత్రి ఫోన్ చూసుకుంటూ పడే టెన్షన్ కంటే కోటు బరువు నయం.

ఇంకో లెక్క కూడా ఉంది. 2015 తర్వాత పన్నెండేళ్లకి, అంటే 2027లో గోదావరి పుష్కరాలు. రేవు దగ్గర మీ ఇల్లు ఖాళీగా ఉందని తెలిస్తే ఎన్నడూ ఫోన్ చెయ్యని చుట్టాలు కూడా తాళాలు అడుగుతారు. సంక్రాంతికీ అంతే. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి వద్దనాలో మీరే ముందు తేల్చుకోండి. తాళాలు పెట్టుకున్న మనిషిని ఆ ఇరకాటంలో పడెయ్యకండి.

సెలవు కాగితం

బయల్దేరడానికి ఏడాది ముందే దీనితో మొదలుపెట్టాలి. యూనివర్సిటీల్లో పర్మనెంట్ అధ్యాపకులకి చదువు, పరిశోధనల కోసం సబ్బాటికల్ సెలవు యూజీసీ నిబంధనల్లోనే ఉంది. హోదాని బట్టి ఏడేళ్ల సర్వీసు పూర్తయి ఉండాలి, ఒకసారికి ఏడాదికి మించకూడదు, సర్వీసు మొత్తం మీద రెండేళ్లు దాటకూడదు. ఏం చదవబోతున్నారో, ఎక్కడ చేయబోతున్నారో దరఖాస్తులో రాయాలి. ప్రభుత్వోద్యోగులకి విదేశానికి వెళ్లాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి. ఆ ఫైలు టేబుల్ నుంచి టేబుల్‌కి కదిలే వేగం మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రైవేటు ఉద్యోగాల్లో ఇలాంటి సెలవు రాసిపెట్టి ఉండటం తక్కువ. జీతం లేని సెలవు ఇస్తామంటే మూడు విషయాలు కాగితం మీద ఉండాలి: తిరిగి చేరే తేదీ, చేరేటప్పుడు ఏ హోదాలో తీసుకుంటారు, ఈ మధ్యకాలాన్ని గ్రాట్యుటీ సర్వీసులో కలుపుతారా లేదా. "మీరెళ్లి రండి మాస్టారూ, మన కాలేజీయే కదా" అనే మాట ఎంత ప్రేమగా అన్నా, యాజమాన్యం మారితే ఆ మాట గుర్తుండేది మీ ఒక్కరికే.

వీసా, పాస్‌పోర్టు

పాస్‌పోర్టు గడువు మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలైనా మిగలాలి. లేకపోతే ఇప్పుడే రెన్యువల్ చేయించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి. మనలో ఇంటిపేరుని సర్టిఫికెట్లలో పొడి అక్షరాలతో లాగించేసినవాళ్లు చాలామంది. ఆ ఒక్క అక్షరం దగ్గరే పని ఆగుతుంది.

ఏ దేశంలో ఎంతకాలం ఉండనిస్తారన్నదే మీ సెలవు పొడవుని తేలుస్తుంది. అమెరికా విజిటర్ వీసా పదేళ్లకి ఇచ్చినా, ఒక్కో రాకకి ఎంతకాలమో అక్కడ దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఆ తేదీ ఐ-94 రికార్డులో ఉంటుంది, వీసా మీద ఉన్న తేదీ చూసుకుని నిబ్బరంగా ఉండకండి. బ్రిటన్ విజిటర్ వీసా మీద కూడా ఒకసారికి ఆరు నెలలే. షెంగెన్ దేశాలన్నిట్లో కలిపి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు. ఫ్రాన్స్‌లో మూడు నెలలు ఉండి ఇటలీకి మారితే లెక్క మళ్లీ మొదలవదు. ఏడాది పొడుగునా ఒకే చోట ఉండాలంటే అక్కడి యూనివర్సిటీ ఆహ్వానంతో వచ్చే వీసా కావాలి. అమెరికాకైతే జే-1 లాంటిది. లేదంటే రెండు మూడు దేశాలుగా ఏడాదిని విడగొట్టుకోండి.

విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడ కూర్చుని ఇక్కడి ఆఫీసు పని చేసుకోవచ్చనుకునేవాళ్లు ఆ దేశపు నిబంధన చదివాకే ల్యాప్‌టాప్ సర్దుకోండి. ఆంధ్రావాళ్ల అమెరికా వీసా ఇంటర్వ్యూలు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరుగుతాయి. తిరిగొస్తారన్న నమ్మకం కలిగించడానికి సెలవు మంజూరు కాగితం, భూమి పాసుపుస్తకం దగ్గర పెట్టుకోండి. అడిగితేనే తీయండి.

చేను

ఇప్పటిదాకా సొంతంగా చేయిస్తున్నవాళ్లు ఈ ఏడాదికి కౌలుకి ఇచ్చేయండి. పాలేరు మీద పెట్టి, ఫోన్లో చేయించాలన్న ఆలోచన వదులుకోండి. దానికి పెద్ద కారణం ఈ-పంట నమోదు, అంటే ఏ చేలో ఏ పంట ఎవరు వేశారో ప్రభుత్వం ఆన్‌లైన్లో ఎక్కించే లెక్క. పంట ఎవరి పేరున ఎక్కితే ఆ రైతు వేలిముద్ర వేసి ఈ-కేవైసీ చెయ్యాలి. మీరు లండన్లో ఉంటే మీ వేలు అక్కడే ఉంటుంది. ఈ-పంట, ఈ-కేవైసీ లేకపోతే ధాన్యం కొనుగోలు దగ్గరా, నష్టపరిహారం దగ్గరా చిక్కే. సాగు చేసే మనిషి పేరునే పంట ఎక్కితే ఈ గోల ఉండదు.

కౌలుదారు గుర్తింపు కార్డు అనగానే మన పెద్దలు ఉలిక్కిపడతారు. "కార్డిస్తే భూమి పోతుంది" అని నాన్నగారు అంటారు, మీకు ముందే తెలుసు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు 11 నెలలకి ఇస్తారు, పంట మీద హక్కే గాని భూమి మీద ఏ హక్కూ రాదు. యజమాని సమ్మతితోనే కాగితం తయారవుతుంది. రైతు సేవా కేంద్రంలోనో, వీఆర్వో దగ్గరో అడిగి, నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లి ఆ మాట ఆయన చెవినే వినేలా చేయండి. మీరు వాదించే కన్నా అది పనిచేస్తుంది.

కౌలు కాగితంలో సర్వే నంబరు, విస్తీర్ణం, కౌలు ఎన్ని బస్తాలో లేక ఎంత డబ్బో, ఏ నెలలో ఇవ్వాలో, నీటి తీరువా ఎవరిదో రాయండి. రెండు విషయాలు మాత్రం రాయడం మర్చిపోతుంటారు. పంట మునిగితే కౌలు ఎంత తగ్గించాలి అన్నది ఒకటి. మురుగు బోదె తవ్వించే ఖర్చు ఎవరిది అన్నది రెండోది. వర్షాకాలంలో గొడవలు వచ్చేది ఈ రెండిటి దగ్గరే. మంచిగా ఉన్న రోజు మాట్లాడుకుంటే పది నిమిషాల పని.

బయల్దేరే ముందు ఓ పొద్దున్న కౌలుదారునీ, మీ తరఫున చూసే మనిషినీ తీసుకుని గట్టు మీద చుట్టూ తిరగండి. ప్రతి సరిహద్దు రాయి దగ్గరా నిలబడి ఫోటో తీయండి, పక్కన ఇద్దరూ కనబడేలా. పక్క చేను రైతు గట్టు మీద ఉంటే ఆయన్నీ పిలవండి. "ఏడాది ఊళ్లో ఉండను బాబాయ్, ఈ రాయి మన ఇద్దరిదీ, కాస్త చూస్తుండు" అని మర్యాదగా అంటే చాలు. గట్టు ఏడాదికి జానెడు చొప్పున జరిగే అలవాటు ఆ మాటతో చాలావరకు ఆగుతుంది.

ఊరొదిలే నెలలో తాజా 1బీ, అడంగల్ (భూమి రికార్డులు), ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల కాగితం) తీసి పెట్టుకోండి. తిరిగొచ్చాక ఇంకోసారి తీస్తే మధ్యలో ఏం జరిగిందో తెలుస్తుంది.

రొయ్యల చెరువు ఉన్నవాళ్లకి ఒక్కటే మాట. లీజుకి ఇవ్వండి, లేదా ఎండగట్టి వెళ్లండి. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరేటర్లకి జనరేటర్ వేసే మనిషి మీరే అయినప్పుడు, వేరే ఖండం నుంచి సాగు చెయ్యలేరు.

కొబ్బరితోట

చేను కంటే తోట కష్టం, ఎందుకంటే దాని పని ఎప్పటికీ అయిపోదు. నలభై అయిదు రోజులకో, రెండు నెలలకో దింపు ఉంటుంది. ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు కాయ దిగుతుంది, ప్రతిసారీ లెక్క, ప్రతిసారీ బేరం. రెండు దారులున్నాయి. మొత్తం తోటని ఏడాదికి కౌలుకిచ్చి ఒకే మొత్తం తీసుకోవడం. లేదా నమ్మకమైన మనిషిని పెట్టి దింపు దింపుకీ లెక్క చూసుకోవడం.

మీ తోట చిన్నదైతే నేను మొదటిదే చేయమంటాను. డబ్బు తక్కువే వస్తుంది, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో ధర పెరిగినప్పుడు మనసు చివుక్కుమంటుంది. అయినా అక్కడ ప్రశాంతంగా ఉంటారు. కౌలు ఒప్పందంలో చెట్టు ఆరోగ్యం గురించి మాత్రం రాయించండి: మొవ్వు శుభ్రం చేయించడం, ఎరువు వేయించడం, వేసవిలో నీళ్లు పెట్టడం. కౌలుకి తీసుకున్నవాడికి కాయ కావాలి, వచ్చే ఏడు చెట్టు ఎలా ఉంటుందన్నది అతనికి పట్టదు.

రెండో దారి పట్టేవాళ్లు దింపు రోజు చూసుకోవాల్సిన పద్ధతి ఒకటుంది. కాయలన్నీ ఒక్కచోట కుప్ప పోశాక, వ్యాపారి లెక్క మొదలెట్టకముందు ఒక ఫోటో. లెక్క అయ్యాక మంచి కాయ ఎంత, చిన్న కాయ ఎంత, వెయ్యికి ధర ఎంత అని చీటీ మీద రాసి, దాన్ని ఇంకో ఫోటో. డబ్బు అదే రోజు మీ ఖాతాలోకి. ఈ మూడూ ఆ సాయంత్రమే మీకు వాట్సాప్‌లో రావాలని మొదటే చెప్పేయండి. అనుమానపడి అడిగినట్టు ఉండదు, పద్ధతిలా ఉంటుంది.

తెగుళ్ల సంగతి కూడా నేర్పి వెళ్లండి. ఆకులు కత్తెరతో త్రికోణంగా కత్తిరించినట్టు కనిపిస్తే కొమ్ము పురుగు. మాను మీద చిల్లులు పడి గోధుమరంగు జిగురు, నమిలేసిన పీచు బయటికొస్తుంటే ఎర్రముక్కు పురుగు. ఇది ప్రమాదం, మొవ్వు వాలిపోయాక తెలిస్తే చెట్టు చేజారినట్టే. ఆకు అడుగున తెల్లటి మైనపు చుట్లు, కింది ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తే తెల్లదోమ. ఇవి కనిపిస్తే ఫోటో తీసి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లకి చూపించి సలహా అడగమనండి.

ఇంటి కప్పు మీదికి వాలిన చెట్ల మట్టలు, ఎండుగెలలు వెళ్లే ముందే దింపించేయండి. గాలివానకి పెంకులు పగిలేది వీటితోనే.

మీ తరఫున సంతకం పెట్టేది ఎవరు?

ఏడాదిలో ఒకటి రెండు సార్లయినా ఎవరో ఒకరు మీ బదులు సంతకం పెట్టాల్సి వస్తుంది. దానికి పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. జనరల్ పవర్ ఇవ్వకండి, సొంత తమ్ముడైనా సరే. ఏయే పనులకో పేరుపేరునా రాసిన స్పెషల్ పవర్ చాలు: కౌలు వసూలు, కరెంటు, పన్నులు, పంటకి సంబంధించిన కాగితాలు. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు లేవని అందులోనే రాయించండి. గడువు తేదీ వేయించండి.

ఇది ఇక్కడుండగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోవాలి. విదేశం వెళ్లాక కావాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. ఓ సంతకానికి రెండు దేశాల ఖర్చు.

మనిషి ఎంపిక మీ ఇష్టం. నా లెక్కలో మాత్రం, బాగా దగ్గరి చుట్టం కంటే కొంచెం దూరపు చుట్టం మంచిది. బావమరిదిని లెక్క అడగలేం. పెదనాన్నగారి అబ్బాయిని అడగగలం. ఆ మనిషికి ఖర్చుల కోసం విడిగా కొంత డబ్బు ముందే ఇవ్వండి. పెట్రోలు కూడా తన జేబులోంచి పోసుకుని తిరిగే మనిషి నాలుగో నెలకి అలిసిపోతాడు.

ఇల్లు

మన గాలిలో తడి ఎక్కువ. శ్రావణ మాసంలో పదిహేను రోజులు మూసిన గది తలుపు తీస్తే వచ్చే వాసన తెలిసిందే. ఏడాది మూస్తే బీరువాలో పట్టుచీరల మడతల వెంట మచ్చలు పడతాయి, పుస్తకాల అట్టలు ఉబ్బుతాయి, గుమ్మానికి చెదలు ఎక్కుతాయి. వారానికోసారి కిటికీలన్నీ తీసి, ఫ్యాన్లు వేసి, ఓ రెండు గంటలు ఇంట్లో కూర్చునే మనిషి కావాలి. కెమెరా పెట్టుకోండి, తప్పులేదు. గాలివానకి కరెంటు పోయిన రాత్రి, సరిగ్గా మీకు చూడాలనిపించిన రాత్రి, అది కనిపించదు.

ఇల్లంతా తాళం వేసి వెళ్తుంటే చివరి పదిహేను రోజుల్లో చేయాల్సినవి: గుమ్మాలకి, బీరువాల వెనక చెదల మందు. పట్టుబట్టలు విప్పి, ఎండలో కాసేపు ఆరబెట్టి, కొత్త మడత వేసి పెట్టడం. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు ఓరగా తెరిచి ఉంచడం, లేకపోతే లోపల బూజు. మేడ మీద ట్యాంకు ఖాళీ చేసి మూత బిగించడం. గ్యాస్ రెగ్యులేటర్ తీసేయడం. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఎప్పుడు పోయాలో క్యాలెండర్ మీద రాసిపెట్టడం. బియ్యం, పప్పులు పురుగు పట్టకముందే ఎవరికైనా ఇచ్చేయడం. కారు బ్యాటరీ తీగ ఊడదీయడం. బంగారం బ్యాంకు లాకర్లోకి. పాడి ఉంటే గేదెని అమ్మకుండా పాలేరుకి పాలు వాడుకునే మాట మీద ఇస్తే తిరిగొచ్చాక మీ దొడ్లో మళ్లీ కట్టేసుకోవచ్చు.

తాళాలు రెండు జతలు చేయించి ఇద్దరికి ఇవ్వండి. ఇద్దరూ ఒకే ఇంట్లోవాళ్లు కాకుండా చూడండి. ప్రతి తాళంచెవికి గుడ్డ చీటీ కట్టి ఏ గదిదో రాయండి. పోలీస్ స్టేషన్లో ఫలానా తేదీ నుంచి ఊళ్లో ఉండబోమని చెప్పి, తాళం వేసిన ఇళ్ల మీద నిఘాకి ఏపీ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ మీ స్టేషన్ పరిధిలో పనిచేస్తోందా అని అడగండి. ఊరంతటికీ మాత్రం చెప్పకండి. ఫేస్‌బుక్‌లో విమానం ఫోటో పెట్టడమంటే గేటుకి బోర్డు కట్టడమే.

వరద, తుపాను

లంక గ్రామాలవాళ్లు, ఏటిగట్టు పక్కనున్నవాళ్లు దీన్ని దాటేయకండి. మీరు లేనప్పుడు "నీరొస్తోందండీ, ఏం చెయ్యమంటారు" అని ఫోన్ వచ్చేలా ఉండకూడదు. ఏ మట్టానికి ఏం చెయ్యాలో కాగితం మీద రాసి గోడకి అంటించి వెళ్లాలి.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. నీటి లెక్కలో 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. భద్రాచలం దగ్గర హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అంటే భద్రాచలం వార్తే మీకు హెచ్చరిక గంట. మీ కాగితం ఇలా ఉండొచ్చు: భద్రాచలంలో రెండో హెచ్చరిక వస్తే తోటలో మోటారు, స్టార్టర్ పెట్టె విప్పి మేడ మీదికి. ధవళేశ్వరంలో మొదటిదానికి పశువులు గట్టు మీదికి. రెండోదానికి కింది అంతస్తులో సామాను పైకి, మెయిన్ ఆపేయడం. మీ ఇంటి ఎత్తుని బట్టి ఈ మెట్లు మార్చుకోండి. 1986 వరదకి నీరు మీ ఇంట్లో ఎంత ఎత్తు వచ్చిందో అమ్మని అడగండి. గోడ మీద వేలితో చూపిస్తుంది.

తుపానుకి ఇంత వ్యవధి ఉండదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తోటలు నేలకొరిగిన సంగతి పెద్దవాళ్లకి నిన్నటి ముచ్చటే. 2025 అక్టోబరులో మొంథా కూడా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అక్టోబరు, నవంబరు నెలల్లో మేడ మీద వదులుగా ఉన్న రేకులు, సోలార్ పలకల నట్లు బిగించే పని మీ మనిషికి తేదీతో సహా అప్పజెప్పండి. ఇంటికి బీమా ఉంటే గడువు మీరు లేని నెలల్లో తీరిపోకుండా చూసుకోండి.

అమ్మానాన్న

వాళ్లు ఇక్కడే ఉండిపోతుంటే, వేళకి మందు వేసుకున్నారో లేదో చూసే మనిషి, రాత్రిపూట ఇంట్లో పడుకునే మనిషి వేరువేరుగా ఉంటే మంచిది. ఇద్దరూ ఒక్కరే అయితే ఆ ఒక్కరికి జ్వరం వచ్చిన రోజు ఎవరూ ఉండరు. బ్యాంకు ఖాతా ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతిలో జాయింటుగా మార్చండి. ఆరోగ్య బీమా కార్డు, మందుల జాబితా, డాక్టరు నంబరు ఒకే కవర్లో పెట్టి ఫ్రిజ్ పక్కన వేలాడదీయండి. పెన్షన్ వస్తుంటే జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్) ఇవ్వాల్సిన నెల ఏదో కనుక్కుని, ముఖం చూపించి ఫోన్లోనే చేసే పద్ధతి వెళ్లేలోపే ఓసారి చేసి చూపించండి.

తద్దినాల తిథులు పంచాంగం చూసి ముందే రాసుకోండి. ఎవరు పెట్టాలో పురోహితుడి దగ్గర మాట్లాడి పెట్టండి. అమ్మకి మీరు వెళ్తున్నారన్న బెంగ కంటే ఇదే ముందు తొలుస్తుంటుంది, బయటికి చెప్పదు.

ఫోను, డబ్బు, ఒళ్లు

ఇండియా సిమ్ చచ్చిపోతే మీరు బ్యాంకుకి చచ్చినట్టే, ఓటీపీ రాదు. 90 రోజులు వాడకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరుని కంపెనీ తీసేయొచ్చు. ఏడాది ప్లాన్ వేయించి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించి, బయల్దేరే ముందే సరిచూసుకోండి. కార్డులకి విదేశాల్లో వాడే సౌకర్యం బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేయాలి. నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో వేయించుకోండి. ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకునే వీలుంది. ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో ఎన్ని రోజులున్నారన్నదాన్ని బట్టి పన్ను హోదా మారిపోవచ్చు కాబట్టి టికెట్ కొనకముందే ఆడిటర్ని కలవండి.

పళ్లు బాగు చేయించుకోండి. నవ్వకండి, విదేశాల్లో పంటి నొప్పి ఖర్చు ప్రయాణ బీమాలో కూడా సరిగా రాదు. షుగర్, బీపీ మందులు సరిపడా కొని, కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు రాసిన ప్రిస్క్రిప్షన్ పెట్టుకోండి. దగ్గు మందులు, నొప్పి మాత్రల్లో కొన్నిటిని గల్ఫ్ దేశాల్లోనూ జపాన్‌లోనూ రానివ్వరు. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఏ దేశమైనా సరే, పాత జబ్బులకి వర్తిస్తుందా అని చిన్న అక్షరాలు చదవండి. ఇక్కడి ఆరోగ్య బీమాని మాత్రం ఆపొద్దు. కారు నడపాలనుకుంటే రవాణా శాఖ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాదికి చెల్లుతుంది.

సామాను

కోనసీమ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది: ఎండు కొబ్బరి, కురిడీలు పెట్టకండి. నూనె ఎక్కువ, వేడికి అంటుకునే గుణం ఉందని విమానంలోకి రానివ్వరు. పెట్టెలో దొరికితే తీసి పక్కన పడేస్తారు. ఆవకాయ చెక్-ఇన్ పెట్టెలోనే, మూడు కవర్లలో, మూత టేపు వేసి. కోడి, మటన్ పచ్చళ్లు అమెరికాకి కుదరవు. బియ్యం, పచ్చి కరివేపాకు కూడా అంతే. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లు తినే వస్తువు ప్రతిదీ ఫారంలో రాసి చూపించాలి, ఆత్రేయపురం పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది, దాన్నీ రాయండి. పూతరేకులు చేతిసంచీలో పెడితే ముక్కలవకుండా చేరతాయి.

బయల్దేరడం

శంషాబాద్‌కి గౌతమి, నరసాపూర్ ఎక్స్‌ప్రెస్‌లలో రాత్రి ప్రయాణం చేసి పొద్దున్నే దిగి అదే రోజు విమానం పట్టుకోవాలనుకునేవాళ్లు ఉన్నారు. రైలు ఆలస్యమైతే పోయేది లక్షన్నర టికెట్. ఒక రోజు ముందే వెళ్లి చుట్టాలింట్లో పడుకోండి, లేదా మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి విమానం పట్టండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే ఆలస్యమైనా వాళ్లే చూసుకుంటారు.

తిరుగు టికెట్ ఉద్యోగంలో చేరే తేదీకి మూడు వారాల ముందుకి కొనండి. మొదటి వారం నిద్ర సర్దుకోదు, రెండో వారం చుట్టాలు వదలరు, కౌలు లెక్క, దింపుల చీటీలు, కరెంటు బిల్లులు చూసుకోవడానికి మిగిలేది మూడో వారమే.